గూడుబండి విహారము: ఇఱ్ఱియు, బట్టమేకయు

ఆస్ట్రేలియా దేశమున ఉద్యోగములు విరమించిన వృద్ధదంపతులు పలువురు ఇంటికి తాళము వేసి, చక్రములు గల చిన్న యింటినొకదానిని మోటారుకారు వెనుక తగిలించుకొని, నెలల తరబడి దేశము తిరుగుదురు. ఆ చక్రముల యింటిని కారవాన్ అందురు. అందులో పడక, పొయ్యి, నీళ్ల తొట్టి, భోజనపు బల్ల మొదలగునవి యన్నియు నమర్చియుండును. ఇట్లు తిరుగు పెద్దలకు ‘తలనెరసిన సంచారులు’ అని అచ్చట నొక ముద్దుపేరు కలదు. ఆ ఖండము చుట్టును పోవు రాజమార్గము సుమారు 14,500 కిలోమీటర్ల పొడవు గలది. అయినను దానిని త్వరగా ముగింపవలెనను ఆతురత వీరికి లేదు. నీడ కనబడినచోట నాగుదురు, తేనీరు కాచుకొందురు. ప్రొద్దుగ్రుంకు వేళకు కంగారూలు పచ్చిక మేయ బయలుదేరును. తెల్లవారుజామున కూకబర్ర యను పిట్ట మనిషి పగలబడి నవ్వినట్లు కూసి వీరిని నిద్ర లేపును. నిప్పుకోడిని పోలిన ఈమూ పక్షి పిల్లలను వెంటబెట్టుకొని బాట దాటును. ఆ పిల్లలను పొదిగి పెంచునది తల్లి కాదు, తండ్రి!

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతపు పెద్దలకు ఇది యంత వింతగా తోచకపోవచ్చును. శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకో, మంత్రాలయమునకో గూడుబండి కట్టుకొని పోయిన కుటుంబములు మనలో నెన్ని లేవు? జొన్నరొట్టెలు, వేరుశనగపొడి మూట గట్టుకొని, ఎడ్లకు చొప్ప వేసుకొని, వంక ప్రక్కన బండి విప్పి, మూడురాళ్ల పొయ్యి పెట్టి వండుకొని, బండి క్రిందనే పరుండిన రాత్రులు అనేకులకు జ్ఞాపకముండును. కారవాను వలె మన బండికి కిటికీ అద్దములు లేకపోయిన మాట నిజమే. కాని దానికి లేని గుణ మొకటి మన బండికి కలదు. దానిని గూర్చియే చెప్పదలచినాను.

మన నల్లరేగడి చేలలో జింకలమంద మేయుచుండగా కాలినడకన పోవు మనిషిని చూచినచో నది దూరముననే తల యెత్తి చూచి పరుగు తీయును. ఎడ్లబండి పోవునప్పుడు మాత్రము అంతగా బెదరదు. చేలలో బండ్లు తిరుగుట దానికి నిత్యము కనబడు సంగతి. బండి తిన్నగా గాక ఓరగా, ఆగక, మెల్లగా పోవుచున్నంత సేపు అది మేత మానదు. పూర్వము వేటకు వచ్చిన దొరలు ఈ మర్మము నెరిగి, బండి చాటుననే పోయి వానిని కాల్చెడివారు. చంపుటకు పనికివచ్చిన ఉపాయము చూచుటకు మరింత బాగుగా పనికివచ్చును గదా.

ఆలూరు, ఆస్పరి, పత్తికొండ ప్రాంతముల మందలలో మగదానిని ఇఱ్ఱి యనియు, ఆడుదానిని లేడి యనియు మన భాష వేరుపరచినది. పుట్టినపుడు రెండును లేత గోధుమవన్నెయే. ఇఱ్ఱికి ఏండ్లు గడచినకొలది వీపు నలుపెక్కును. కడుపు మాత్రము తెల్లగానే యుండును. మూరెడు పొడవున మెలితిరిగిన కొమ్ములు ఇఱ్ఱికే సొంతము. జతకట్టు కాలమున ప్రతి ఇఱ్ఱియు కొంత నేల తనదని ఏర్పరచుకొని, ఒకేచోట పెంటికలు వేసి హద్దు చాటును. మరియొక ఇఱ్ఱి హద్దు దాటినచో రెండును తలలు వంచి కొమ్ములు పెనవేయును. గట్టుతగాదా లెరిగినవారికి ఇది వేరుగ వివరింప బనిలేదు! కృష్ణసారము స్వేచ్ఛగా తిరుగు దేశమే యజ్ఞమునకు యోగ్యమని ధర్మశాస్త్రము చెప్పినది. నేటి ఆంధ్రప్రదేశమునకు ఇదియే రాష్ట్రజంతువు.

శనగ మొలకెత్తినపుడు ఈ మంద చేనిలో పడినచో రైతునకు యజ్ఞము మాట తోచదు, విత్తనపు ఖర్చు తోచును. పాతచీరలు చేను చుట్టు కట్టి, రాత్రులు కావలి కాయువాని యెదుట జింక సౌందర్యమును వర్ణించుట పట్టణవాసుల పని. నష్టము నిజము. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దీనిని చంపుట పెద్ద నేరము. మూడునుండి ఏడేండ్ల వరకు కారాగారశిక్ష కలదు. చేలు కానిచోట మేత దొరకిన మంద చేలపై కొంత తక్కువగా పడునని నా అభిప్రాయము. ఊరి బీళ్లు, వంకగట్లు, పోరంబోకులు ఒక్కొక్కటిగా దున్నబడుచుండగా దానికి మిగులు మేత మన శనగయే.

బీళ్లు పోయినందున పంట నష్టపోయినవాడు రైతు. గూడు నష్టపోయినది బట్టమేక. కర్నూలునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, నందికొట్కూరు వైపున, నేడు నంద్యాల జిల్లాలో చేరిన రోళ్లపాడను గ్రామము కలదు. అచ్చటి గడ్డిబీళ్లను ఈ పక్షికొరకై 1988లో అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 1,500 ఎకరములు. బట్టమేక రమారమి మీటరు ఎత్తు నిలుచును. పుంజు పదునైదు కిలోల వరకు తూగును. ఇంత బరువుతో ఎగురగల పక్షులు లోకమున బహుకొద్ది. పెట్ట ఏడాదికి సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టును. గూడైనను కట్టదు, వట్టి నేలపైననే పెట్టి పొదుగును. కావుననే నాగలి, కుక్క, గొర్రెలమంద ఏది వచ్చినను ఆ గ్రుడ్డునకు గండమే. చుట్టుపట్లకు కాలువనీరు వచ్చి బీళ్లు సాగుభూములైన పిమ్మట రోళ్లపాటిలో ఈ పక్షి క్రమముగా తగ్గి, కనబడుటయే మానినది. దేశమంతటను నేడు 150 కంటె తక్కువగా మిగిలినవని లెక్క. అందు ఎక్కువ భాగము రాజస్థానముననే. జైసల్మేరు ప్రాంతమున గ్రుడ్లు కృత్రిమముగా పొదిగించి పిల్లలను సాకుచున్నారు. రోళ్లపాటి గడ్డిలో నేటికిని జింకలు, తోడేళ్లు కలవు. చలికాలమున మధ్య ఆసియానుండి వచ్చు ఒకజాతి గద్దలు రాత్రులు ఆ గడ్డిలోనే నేలపై పండుకొని, పగలు మిడుతలను పట్టి తినును.

బట్టమేకకు ఆస్ట్రేలియాలో తోబుట్టువు వంటి పక్షి యొకటి కలదు. అదే ప్రజాతి, అదే నడక, అదే నల్లని తలపాగా. దక్షిణభాగమున తగ్గిపోయినను, ఉత్తరపు గడ్డిమైదానములలో కారవానుల వారికి నేటికిని బాటప్రక్కన కనబడుచుండును. అచ్చట మైళ్లకొలది గడ్డి దున్నబడకయున్నది.

విహారమునకు బయలుదేరువారు కార్తీకమునుండి మాఘము వరకు పోవుట మేలు. ఎండ తక్కువ, బాట ఆరియుండును. ఉదయము, సాయంకాలము బండి నడిపి, మధ్యాహ్నము చెట్టుక్రింద విప్పవలెను. ఎడ్లమెడల గంటలు తీసివేయవలెను, కుక్కను ఇంటనే కట్టవలెను. ట్రాక్టరు చప్పుడు ఈ పనికి తగదు. దారిలో నేబీడుననైన మనిషి నడుమెత్తున, తెల్లని మెడ, నల్లని తలతో పక్షి యొకటి నిలిచియున్నచో బండి దిగకుడు, కేక వేయకుడు. అది వంగి నేలను చూచుచున్నచో అచ్చట గ్రుడ్డుండవచ్చును. బండిని అదే నడకతో ముందుకు పోనిచ్చి, చోటు గుర్తుంచుకొని, ఊరు చేరినవెంటనే అటవీశాఖవారికి తెలియజేయుడు.