మీకు తెలుసా? నలభై దాటకుండానే వచ్చే నిస్సత్తువకు వయసొక్కటే కారణం కాదు

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7 శాతం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నలభై దాటని ఆడవాళ్లు నీరసం, చిరాకు, నిద్రలేమి, ఒంట్లో సెగలు అంటే "వయసు మీద పడుతోంది" అని సరిపెట్టే ముందు ఈ అంకె గుర్తు రావాలి. సహజంగా అయితే, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ హార్మోన్ కొన్నేళ్లపాటు హెచ్చుతగ్గులవుతూ తగ్గుతుంది. గర్భసంచితోపాటు రెండు అండాశయాలనూ తీసేస్తే కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. నిద్ర, మనసు, ఎముకల బలం అన్నీ దెబ్బతింటాయి. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ (ముట్లుడగడం) కొంత ముందే వచ్చే అవకాశం ఎక్కువ.

క్యాన్సర్‌కో, మందులకు లొంగని రక్తస్రావానికో ఆపరేషన్ తప్పదు కదా అంటారు. నిజమే, అక్కడ అది ప్రాణం నిలుపుతుంది. తెల్లబట్టకూ నడుంనొప్పికీ మాత్రం అది మందు కాదు. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది కూడా. అలాగని అలసటంతా హార్మోన్లదే అనుకోవడమూ పొరపాటే: రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి, మామూలు రక్తపరీక్షతో తేలతాయి. 45 ఏళ్లలోపే రెండు అండాశయాలూ పోయినవారికి, ఇవ్వకూడని కారణమేదీ లేకపోతే, సహజ మెనోపాజ్ వయసు దాకా హార్మోన్ చికిత్స మేలని వైద్యుల మాట. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు డాక్టరును అడగండి: అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు?