ఫోన్‌లో మన యాస

“ఆదాయపు పన్ను శాఖకు మీరు నాలుగు లక్షల ఇరవై వేలు బకాయి ఉన్నారు. సాయంత్రంలోగా కట్టకపోతే అరెస్టు వారంటు వస్తుంది” అన్నాడు కుర్రాడు. ఖరగ్‌పూర్‌లోని నా ఫోన్‌కు వచ్చిన ఆ కాల్ తెలుగులోనే నడిచింది.

నవ్వి పెట్టేయాల్సిన ఫోన్. పెట్టలేకపోయాను. నాకు వైకల్య పింఛను వస్తుంది. వైకల్యం వల్ల మధ్యలో సర్వీసు వదిలినవారికే పన్ను మినహాయింపు అంటూ 2019 జూన్‌లో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చినప్పటి నుంచి, పూర్తికాలం పనిచేసి రిటైరైన నాలాంటివాళ్లకు ఆ గుబులుంది. నిజంగానే లెక్క తప్పిందేమో అనుకున్నాను.

“లైన్ కట్ చేయకండి. ఇంట్లో ఎవరికీ చెప్పకండి” అన్నాడు. అప్పుడు మేల్కొన్నాను. డెహ్రాడూన్ అకాడమీలో మాకు నూరిపోసింది ఇదే: వైర్‌లెస్ తెగి ఒంటరైన ప్లటూన్ సగం ఓడిపోయినట్టే. శత్రువు ముందు తెంచేది ఆ తీగనే.

“నోటీసు మీద డిన్ ఎంత?” అనడిగాను. 2019 అక్టోబరు 1 నుంచి పన్ను శాఖ పంపే నోటీసులకు డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు ఉండాలి. అసలుదో కాదో ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. కుర్రాడు తడబడ్డాడు.

“నంబరేటి సార్...”

ఆ ‘ఏటి’ శ్రీకాకుళం, విజయనగరం వైపుది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో మా తాత అక్కడి నుంచే ఖరగ్‌పూర్ వచ్చాడు. వర్క్‌షాపు ఫిట్టరైన మా నాన్న చివరిదాకా అలాగే మాట్లాడాడు.

“ఏ ఊరు బాబూ మనది?” అన్నాను. కాసేపు మౌనం. లైన్ తెగింది.

ఆ కుర్రాడు ఎక్కడ కూర్చుని చేశాడో నాకు తెలియదు. కానీ 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తొచ్చింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, సొంత దేశం వాళ్లనే మోసగించే పనిలో పెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు మోస కేంద్రాల నుంచి విడిపించిన 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. యుద్ధభూమి నుంచి పౌరులను తరలించినట్టే. అందుకే దీన్ని పోలీసు స్టేషన్ వార్తగా వదిలేయలేను. ఈ ఎత్తు మన గడ్డకూ కొత్త కాదు. 2016 అక్టోబరులో ఠాణే మీరా రోడ్డులో పట్టుబడిన కాల్ సెంటర్లు ఇదే పన్ను బకాయి కథతో అమెరికన్లను దోచాయి.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నాకేమీ పోలేదు కనుక సంచార్ సాథీలోని ‘చక్షు’లో ఆ నంబరు నమోదు చేసి, మథురాకాటిలో ఉండే మావయ్య వరస పెద్దాయన ఇంటికి వెళ్లాను. రిటైర్డ్ రైలు డ్రైవరు. ఆయనకూ సోమవారం ఆ ఫోనే వచ్చిందట. మూడు గంటలు లైన్లోనే ఉంచారు. పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకులో వరుసలో నిలబడితే, పుణ్యానికి ఫోన్ బ్యాటరీ అయిపోయింది.

“ఎవరికీ చెప్పలేదా మావయ్యా?” అన్నాను.

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. “నువ్వూ మీ అత్తయ్యకు చెప్పకు.”