జింక కాని కృష్ణజింక: వర్గీకరణ బోధనలో ఒక పదసమస్య

కీలకపదాలు: కృష్ణజింక, చుక్కల జింక, కొమ్ము, బోవిడే, సెర్విడే

వాడుక పేరుకూ శాస్త్రీయ నామానికీ గల భేదాన్ని జీవశాస్త్ర అధ్యాపకులు వర్గీకరణ పాఠం మొదట్లోనే చెబుతారు. విద్యార్థి దానిని నిర్వచనంగా కంఠస్థం చేస్తాడు. ఆ భేదం లేకపోతే కలిగే నష్టమేమిటో మాత్రం అతనికి బోధపడదు. దానిని ప్రత్యక్షంగా చూపగల స్థలం ఎల్బీ నగర్ కూడలికి సమీపంలోనే, విజయవాడ రహదారి పక్కన ఉంది. అదే వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాముల వేటభూమి అయిన ఈ అడవికి వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఈ పేరు పెట్టారు. 1994లో ఇది జాతీయ ఉద్యానవనమైంది.

ఇక్కడ కృష్ణజింకలు, చుక్కల జింకలు రెండూ ఉన్నాయి. రెండింటి పేర్లలోనూ ‘జింక’ ఉన్నందున ఒకటి నల్లనిది, మరొకటి మచ్చలది అని మాత్రమే విద్యార్థి గ్రహిస్తాడు. నిజానికి కృష్ణజింక బోవిడే కుటుంబానికి చెందుతుంది. ఆవు, గేదె, మేక, గొర్రె దాని బంధువులు. చుక్కల జింక సెర్విడే కుటుంబంలోనిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కాగా, తెలంగాణ 2014లో చుక్కల జింకను ఎంచుకొంది. సామాన్య జ్ఞానం పుస్తకాలలో పక్కపక్కనే కనిపించే ఈ రెండు జవాబుల నడుమ ఒక కుటుంబపు దూరం ఉందన్నమాట.

భేదానికి ప్రధాన ఆధారం తల మీదనే ఉంది. కృష్ణజింక కొమ్ము లోపల ఎముక, పైన కెరాటిన్ తొడుగు. మెలికలు తిరిగి పెరుగుతుంది గాని కొమ్మలు వేయదు, రాలదు. చుక్కల జింక కొమ్ము పూర్తిగా ఎముకే. పెరిగే దశలో దానిపై రక్తనాళాలతో కూడిన మెత్తని చర్మం ఉంటుంది. పెరుగుదల ముగియగానే ఆ చర్మం ఊడిపోతుంది. టెస్టోస్టెరాన్ స్థాయి తగ్గినప్పుడు కొమ్ము మొత్తం రాలిపోయి, తిరిగి కొత్తది మొలుస్తుంది. క్షీరదాలలో ఒక అవయవం సంపూర్ణంగా పునరుత్పత్తి కావడం అరుదైన విషయం. ఇంతటి భేదాన్ని తెలుగులో ‘కొమ్ము’ అన్న ఒక్క మాటే మోయవలసి వస్తున్నది.

ఈ తికమక తెలుగుకే పరిమితం కాదు. లిన్నేయస్ 1758లో కృష్ణజింకను మేకల ప్రజాతిలో చేర్చి ‘కాప్రా సెర్వికాప్రా’ అన్నాడు. లాటిన్‌లో సెర్వస్ అంటే జింక, కాప్రా అంటే మేక. ప్రజాతి తరువాత ‘ఆంటిలోప్’గా మారినా జాతినామంలో ఆ జింక-మేక నేటికీ నిలిచే ఉంది.

లేడి, ఇర్రి, దుప్పి, కణితి వంటి పదాలు మన భాషలో ఉన్నప్పటికీ, ప్రాంతాన్నిబట్టి వాటి అర్థాలు మారుతుంటాయి కనుక వర్గీకరణకు అవి యథాతథంగా పనికిరావు. సెర్విడే కొమ్మును ‘శాఖాశృంగం’ అనవచ్చునని తోచవచ్చు. కాని లేత వయసు మగజింక తొలి కొమ్ముకు శాఖలుండవు. కాబట్టి ‘రాలుకొమ్ము’ అనడమే మేలని నా అభిప్రాయం. క్షేత్రపర్యటనలో విద్యార్థులను రంగు గురించి గాక, “ఈ కొమ్ము రాలుతుందా?” అని అడగాలి. రాలిన కొమ్ము కనిపిస్తే అక్కడే పరిశీలించి వదిలేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్ట్యా దానిని కళాశాల ప్రయోగశాలకు తేరాదు.