అంటుకోని చాప... కొనాలా, వద్దా?

వేసవి వచ్చిందంటే విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాళిలో చాపలకు పనే పని. మామిడి గుజ్జులో తీపి కలిపి చాప మీద పల్చగా పరుస్తారు. అది ఎండాక దానిమీద మరో పొర... ఆపైన ఇంకో పొర. అలా తయారయ్యేదే భీమాళి తాండ్ర. జిగురుగా ఉండే పదార్థాన్ని చిరగకుండా, విరగకుండా పైకి తీయడమెలా అన్నది వంటింటికి ఎప్పటినుంచో ఉన్న చిక్కే. నెయ్యి రాసిన పళ్లెం, నూనె రాసిన అరటాకు, పొడిపిండి చల్లిన పీట... అన్నీ ఆ చిక్కు విప్పడానికి వచ్చినవే. ఆ వరసలో చేరిన కొత్త చుట్టం సిలికాన్ బేకింగ్ మ్యాట్.

ఒకప్పుడు కేకు, బిస్కట్లు అంటే బేకరీకి వెళ్లాల్సిందే. ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం లాంటి పట్టణాల్లోనూ ఇళ్లలోకి ఓటీజీలు వచ్చేశాయి. వాటి వెనకే 'ఒక్కసారి కొంటే చాలు, ఏళ్లతరబడి వాడుకోవచ్చు' అంటూ మ్యాట్లూ వస్తున్నాయి. మరి పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తాయా?

అందులో ఏముంటుంది?

గాజుపీచుతో నేసిన సన్నని వలకు రెండువైపులా సిలికాన్ పూత పూస్తే ఈ మ్యాట్ తయారవుతుంది. సాధారణంగా 230 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడిని తట్టుకుంటుంది. కచ్చితమైన పరిమితి ప్యాకెట్ మీద ఉంటుంది. ఇంట్లో బిస్కట్లు కాల్చేది 160-180 డిగ్రీల దగ్గరే కాబట్టి ఆ విషయంలో బెంగ అక్కర్లేదు. నల్లగానో గోధుమరంగులోనో పల్చగా ఉండే టెఫ్లాన్ షీట్లు వేరే రకం. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్త అనుకోకుండా కనిపెట్టిన పదార్థమే వాటి మీద పూత. అవి 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఏ రకమైనా సరే... గ్యాస్ పొయ్యి మీద, కాలుతున్న పెనం మీద పెట్టకూడదు. ఓటీజీలో కూడా ఎర్రగా కాలే రాడ్లకు తగలనివ్వకూడదు.

లెక్క చూద్దాం!

మ్యాట్ ధర 420 రూపాయలు, బేకింగ్ పేపర్ ఒక్కోటి 7 రూపాయలు అనుకుందాం. అంటే 60 సార్లు వాడితే మ్యాట్ ఖరీదు తీరుతుంది. వారానికోసారి బిస్కట్లు చేసే ఇంట్లో 14 నెలలు చాలు. సంక్రాంతికీ, పిల్లల పుట్టినరోజుకీ మాత్రమే ఓటీజీ దుమ్ము దులిపే ఇంట్లో అయితే... 30 ఏళ్లు! అలాంటివారికి పేపరే మేలు. అయితే కొనేటప్పుడు 'బేకింగ్ పేపర్' అని అడిగి తీసుకోవాలి. మైనం పూసిన కాగితమైతే వేడికి కరిగి పొగ వస్తుంది.

ఎక్కడ పనికొస్తుంది?

ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడిపిండికి కొదవ ఉండదు. గోధుమపిండికుండే సాగే గుణం దానికి లేదు కాబట్టి చోడి బిస్కట్లు ట్రే నుంచి తీసేటప్పుడే విరిగిపోతుంటాయి. మ్యాట్ మీద చల్లారనిస్తే చక్కగా ఊడి వస్తాయి. పలాస జీడిపప్పుతో పాకం అచ్చు పోసుకున్నా అంతే... పైసా నెయ్యి రాయక్కర్లేదు. మేడమీద ఎండలో ట్రేలో పరిచి కొద్దిపాటి తాండ్ర చేసుకోవడానికీ బాగుంటుంది. కాకపోతే అల్లిన చాపకు సందులుంటాయి, అడుగునుంచీ కాస్త గాలి ఆడుతుంది. మ్యాట్ మీద తేమ పైనుంచే పోవాలి. అందుకే పొర మరీ పల్చగా ఉండాలి.

గుండ్రటి గిన్నెలో చేసే కేకుకు మాత్రం ఇది దండగ. నెయ్యి దండిగా పడే నాన్‌ఖటాయిలు ఎలాగూ అంటుకోవు. అడుగు కరకరలాడాలంటే ఉత్త ట్రేనే నయం. మ్యాట్ మీద వేడి మెల్లగా అందుతుంది, బిస్కట్లు కాస్త ఎక్కువ పరుచుకుంటాయి కూడా.

కొనేముందు...

* ముందు ట్రేని కొలుచుకోవాలి. మార్కెట్లో దొరికే మ్యాట్లు చాలావరకూ 40 సెంటీమీటర్లకు అటూఇటూ పొడవుంటాయి. చిన్న ఓటీజీ ట్రేలో అవి పట్టవు.
* పెద్దదైంది కదా అని కత్తిరిస్తే అంచుల దగ్గర గాజుపీచు బయటపడుతుంది. అది తిండిలో కలిస్తే ప్రమాదం. మ్యాట్ మీద చాకుతో కోయకూడదన్నదీ అందుకే. మడత పెట్టకుండా చుట్టి దాచాలి.
* వాడాక వేడినీళ్లు, సబ్బుతో మెత్తటి గుడ్డ పెట్టి కడగాలి. పీచు పెట్టి గట్టిగా తోమితే పూత పోతుంది.
* పూత చిట్లినా, లోపలి అల్లిక కనిపించినా ఇక దాన్ని పారేయాల్సిందే. 'ఇంకొన్నాళ్లు' అన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

కాబట్టి ధర చూసేముందు గత మూడు నెలల్లో ఓటీజీ ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టుకోండి. పది దాటితే మ్యాట్ కొనొచ్చు. లేదంటారా... నెయ్యి రాసిన పళ్లెం ఇంట్లో ఉండనే ఉంది!