మనోవ్యాధి – నిత్యకృత్యములు

స్కిజోఫ్రీనియా యనగానే లేని మాటలు వినబడుట, లేనిపోని అనుమానములు మాత్రమే మనకు స్ఫురించును. ఔషధములచే నివి చాలమందిలో తగ్గును. కాని పిమ్మట గూడ రోగి అంగడికి పోయి సగము సరకులు మరచి రావచ్చును. ఎసరు పెట్టి, తరువాతి పని తోచక నిలిచిపోవచ్చును. ఇంటివారు దీనిని సోమరితన మందురు. అవధానము, జ్ఞాపకము, ఆలోచనావేగము కుంటుపడుటయే దీనికి కారణము కావచ్చునని మేము మనవిచేయుచున్నాము.

దీనిని నిపుణులు రెండు విధముల పరీక్షింతురు. మొదటిది బుద్ధిశక్తుల పరీక్ష. అమెరికాలో రూపొందిన ‘మాట్రిక్స్’ పరీక్షామాలలో 10 పరీక్షలు గలవు. అవి 7 విధములైన శక్తులను కొలుచును. పదముల పట్టిక విని తిరిగి చెప్పుట, చిహ్నములకు తగిన అంకెలను త్వరితముగా వ్రాయుట అందలివి.

రెండవది నిత్యకృత్యముల పరీక్ష. 2001లో ప్యాటర్‌సన్ ప్రభృతులు ప్రకటించిన పద్ధతిలో రోగిచే చిల్లర లెక్కపెట్టింతురు, టెలిఫోను చేయింతురు, బస్సు దారి చెప్పింతురు. మన దేశమున భారతీయ మనోవైద్య సంఘము 2002లో ‘ఐడియాస్’ అను కొలమానమును వెలువరించెను. స్వసంరక్షణ, ఇతరులతో మెలగుట, సంభాషించి గ్రహించుట, పని – ఈ నాల్గింటిలో ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు అంకము వేయుదురు.

రెండు పరీక్ష లేల? జ్ఞాపకము తగ్గినవారు అలవాటుచే ఇల్లు చక్కబెట్టవచ్చును. జ్ఞాపకము గలవారు ఉత్సాహము లేక ఊరకుండవచ్చును. లోప మెచ్చటనో తెలిసినగదా ఉపాయము! మరపు గలవారికి సరకుల చీటీ వ్రాసి యీయవలెను; పనిని ఒక్కొక్క మెట్టుగా చెప్పవలెను. వైద్యునికడ ‘పని చేయడు’ అని ఊరకొనక, ఏ పని ఎచ్చట ఆగుచున్నదో మనము చెప్పుదము.