మీకు తెలుసా? ట్రాక్ ఎక్కే టర్బో కారుకు ముందు కావాల్సింది చల్లదనం

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడలో లేత్ మిషన్ దగ్గర కాసేపు నిలబడండి. తిరిగే ఇనుము మీద పాలలాంటి కూలెంట్ ధార కడుతూనే ఉంటుంది. లేత్ నిమిషానికి తిరిగేది వందలు, వేల చుట్లే. కారులోని టర్బో చక్రమైతే లక్ష దాటుతుంది! దాన్ని తిప్పేది సైలెన్సర్ వైపు పోయే పొగ. పెట్రోలు బండిలో గట్టిగా తొక్కితే ఆ పొగ వేడి 900 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లోనే పేటెంట్ పెట్టాడు.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి కాస్త పల్చన. టర్బో గాలిని ఇంజిన్‌లోకి ఒత్తి పంపుతుంది కాబట్టి ఆ లోటును చాలావరకు పూడ్చేస్తుంది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, 3.7 కిలోమీటర్లది, దిగువన ఉంది. అక్కడ గాలి చిక్కన, ఎండ ఎక్కువ. నాలుగు రౌండ్లకే, ఆ ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ వేడెక్కి బండి డీలా పడొచ్చు.

కుర్రాళ్లు ముందు పవర్ పెంచమంటారు. కానీ ట్రాక్ మీద బ్రేకులూ బాగా వేడెక్కుతాయి, అందుకే నన్నడిగితే ముందు బ్రేక్ ఆయిల్ మార్చాలి. ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాల్లోని తేమను తాగే ద్రవం. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155కే మరగొచ్చు. అప్పుడు గొట్టంలో ఆవిరి బుడగలు లేచి, పెడల్ కాలికింద స్పాంజిలా దిగిపోతుంది.

చివరి రౌండు నెమ్మదిగా తిప్పండి. ఆగాక ఇంజిన్‌ను ఒకట్రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వండి. బ్రేకులు ఇంకా వేడిగా ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేక్ మాత్రం లాగొద్దు, చక్రం కింద ఇటుక చాలు.