మస్టర్ల పేరు లేని కొలువులు

"అన్నా, పైసలు పెడితే అమెరికాల గ్రీన్ కార్డ్ ఇస్తరట గదా, నిజమేనా?" అని మా దిక్కు పిల్లలు అప్పుడప్పుడు అడుగుతరు. నిజమే. ఆ వీసా పేరు ఈబీ-5. అమెరికా 1990ల చేసిన ఇమ్మిగ్రేషన్ చట్టంల పుట్టింది. షరతు వింటే సాఫ్‌గనే ఉంటది. పెట్టుబడి పెట్టాలె, ఒక్కో పెట్టుబడిదారు కనీసం 10 మందికి ఫుల్‌టైమ్ పని కల్పించాలె. ఇప్పటి రేటు 10 లక్షల 50 వేల డాలర్లు. పల్లెలు, నిరుద్యోగం ఎక్కువున్న ఏరియాలైతే 8 లక్షల డాలర్లు, అంటే మన పైసలల్ల సుమారు 7 కోట్లు.

గంత సొమ్ము మనకాడ లేదు. మరి ఈ ముచ్చట మనకెందుకు? ఆ "10 కొలువులు" ఎట్ల లెక్కగడుతరో తెలుసుకునేటందుకు. అది అర్థమైతే, మన జిల్లాల ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టేనాడు స్టేజీ మీద చదివే అంకెలు గూడ అర్థమైతయి.

ముందుగాల, ఏది కొలువు? వారానికి కనీసం 35 గంటల పని ఉండాలె. పెట్టుబడి పెట్టినాయన, ఆయన భార్యాపిల్లలు లెక్కల రారు. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నోళ్లు, ఆశ్రయం పొందిన శరణార్థుల లాంటోళ్లే లెక్కలకొస్తరు. హెచ్-1బీ మీద పోయిన మన తెలుగు పిల్లగాడు అదే కంపెనీల రాత్రింబగళ్లు చేసినా, ఈ లెక్కల ఆయనది కొలువు కాదు.

ఇగ లెక్క రెండు తీర్లు.

మొదటి తీరు నేరుగ సొంత వ్యాపారం పెట్టుడు. దీంట్ల పది మంది పేర్లు, జీతాల రికార్డులు, టాక్స్ కాయితాలు చూపెట్టాలె. ఉపాధి హామీ మస్టరు తెలిసినోళ్లకు ఇది తొందరగ సమజైతది. నేను సోషల్ ఆడిట్ల తిరిగినోణ్ని. మస్టర్ల పేరుంటే ఆ మనిషిని పిలిచి అడగొచ్చు: పని చేసినవా, పైసలు ముట్టినయా అని. దొంగ పేరైతే ఆడ్నే బయటపడతది.

రెండో తీరు రీజినల్ సెంటర్లు. 1992ల మొదలైనయి. శానమంది పైసలు ఒక్కకాడ పోగుజేసి హోటళ్లు, అపార్ట్‌మెంట్లు, ఆఫీసు టవర్లు కడుతరు. ఎక్కువ మంది పెట్టుబడిదారులు పోయే తొవ్వ ఇదే. ఇక్కడ మనుషులను లెక్కపెట్టరు, ఖర్చును లెక్కపెడుతరు.

ఎట్లనంటే, మన ఊర్లె ఒకాయన ఇల్లు కడుతున్నడనుకుందాం. మేస్త్రీ, కూలోళ్లు చేసేది ప్రత్యక్ష పని. ఇసుక తెచ్చే ట్రాక్టరు డ్రైవరు, ఇటుక బట్టీల పనోళ్లది పరోక్ష పని. మేస్త్రీ తన కూలి పైసలతోని చాయ తాగితే, కిరాణం కొంటే, ఆ హోటలోనికి, దుకాణపోనికి దొరికిన పని మూడోది. దీన్ని ప్రేరిత ఉపాధి అంటరు. ఈ మూడూ కలిపి ఒక ఫార్ములా కట్టిండ్రు. అమెరికా వాణిజ్య శాఖ కింద ఉండే ఆర్థిక విశ్లేషణ బ్యూరో తయారుచేసిన రిమ్స్-2, ప్రైవేటోళ్ల ఇంప్లాన్ అసొంటి మోడళ్లు ఉన్నయి. ఫలానా ఏరియాల, ఫలానా పని మీద ఇంత ఖర్చు పెడితే ఇన్ని కొలువులని అవి చెప్తయి. పెట్టుబడిదారుకు మొదలు రెండేండ్ల షరతుల గ్రీన్ కార్డ్ ఇస్తరు. తర్వాత షరతులు తీసేయాలంటే, కట్టడం మీద పైసలు ఖర్చయినట్టు బిల్లులు, బ్యాంకు లెక్కలు చూపెడుతరు. ఆ ఖర్చును ఫార్ములాతోని గుణిస్తే కొలువులు వచ్చేసినట్టే.

పరోక్ష కొలువులు ఉత్త అబద్ధమని నేనంటలేను. ఇల్లు కడితే ఇటుక బట్టీకి గిరాకీ వస్తది, అది నిజం. కాని బట్టీల కొత్త మనిషిని పెట్టుకున్నరా, ఉన్నోళ్లతోనే ఎక్కువ గంటలు చేయించిండ్రా అన్నది ఫార్ములాకు తెల్వదు. మేస్త్రీ అంతకుముందు ఖాళీగున్నడా, ఇంకోకాడ పని ఇడిసి వచ్చిండా అన్నది గూడ తెల్వదు.

అసలు కిటుకు ఇంకోటున్నది. 10 కోట్ల డాలర్ల టవరు అనుకుందాం. దాంట్ల ఈబీ-5 సొమ్ము 2 కోట్లే, అంటే 25 మంది తలా 8 లక్షలు పెట్టిండ్రు. మిగిలిన 8 కోట్లు బ్యాంకు అప్పు, బిల్డరు సొంత సొమ్ము. ఫార్ములా మొత్తం ఖర్చు మీద 1000 కొలువులని చెప్పిందనుకో. ఆ 25 మందికి కావాల్సినయి 250. రూలు ప్రకారం వెయ్యికి వెయ్యి కొలువులు ఆ 25 మంది ఖాతాలనే వేసుకోవచ్చు. వీసా పైసలు రాకున్నా ఆ టవరు లేస్తుండెనా? ఆ సవాలే అడగరు.

ఇది నా ఒక్కని అనుమానం కాదు. 2013 డిసెంబర్‌ల అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన రిపోర్టే ఈ మాట అన్నది. అమెరికా సొమ్ముతోని వచ్చిన కొలువులను గూడ విదేశీ పెట్టుబడిదారులు తమ ఖాతాల వేసుకోవచ్చు గనుక, వాళ్ల పైసలతోనే కొలువులు వచ్చినయని తేల్చే వీలు లేదని రాసింది.

తక్కువ రేటు పెట్టింది పల్లెలకు, పని లేని బస్తీలకు మేలు చేసేటందుకు. జరిగింది ఇంకోటి. న్యూయార్క్ మన్‌హట్టన్‌ల హడ్సన్ యార్డ్స్ అనే ఖరీదైన టవర్ల ప్రాజెక్టు ఉన్నది. దాన్ని నిరుద్యోగ ఏరియా అని చూపెట్టేటందుకు సెంట్రల్ పార్క్ మీదికెల్లి హార్లెం దాకా జనగణన ముక్కలను దండ గుచ్చినట్టు గుచ్చిండ్రు. వంద కోట్ల డాలర్లకు పైనే ఈబీ-5 సొమ్ము వచ్చింది. హార్లెం పేదల నిరుద్యోగం అంకెకు పనికొచ్చింది, టవర్లు లేసింది ఇంకోకాడ.

వెర్మాంట్ రాష్ట్రంల జే పీక్ ముచ్చట ఇంకా ఘోరం. న్యూపోర్ట్ అనే చిన్న టౌన్‌ల బయోటెక్ ఫ్యాక్టరీ వస్తది, కొలువులే కొలువులన్నరు. 2016ల మోసం కేసు పడ్డది, ఫ్యాక్టరీ రానేలేదు. ఇంకో ప్రాజెక్టు కోసం టౌన్ నడిమిట్ల బిల్డింగులు కూలగొడితే ఏండ్లకేండ్లు గుంతే మిగిలింది. 2022ల ప్రాజెక్టు పెద్దలకు జైలు శిక్ష పడ్డది. పని కోసం ఎదురుచూసిన టౌన్‌కు ఏమొచ్చింది?

2022 మార్చిల చట్టం జెర బిగించిండ్రు. పదిట్ల తొమ్మిది దాకనే పరోక్ష కొలువులు చూపాలె. రెండేండ్ల లోపు ముగిసే కట్టడం పనిని కాలాన్ని బట్టి తగ్గించి లెక్కగట్టాలె, ఏడాది పనిల 100 మంది ఉంటే 50 అన్నట్టు. ముక్కలు గుచ్చుడు గూడ ఆగింది, పక్కపక్కనే ఆనుకొని ఉన్నయే కలపాలె. మంచిదే. కాని మొత్తం ఖర్చు కొలువులన్నీ వీసా ఖాతాల వేసుకునే దారి ఇంకా తెరిచే ఉన్నది. ఇగ 2025ల ట్రంప్ తెచ్చిన గోల్డ్ కార్డ్ అయితే 10 లక్షల డాలర్లు సర్కారుకు కానుక ఇమ్మంటది, కొలువుల షరతే లేదు.

మన దగ్గరికొద్దాం. "ప్రత్యక్షంగా ఇంతమందికి, పరోక్షంగా అంతమందికి ఉపాధి" అనే మాట మనమూ ఎన్నోసార్లు విన్నం. ఆ మాట మీద భూములు ఇచ్చిన ఊర్లున్నయి. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఈసారి గ్రామసభల ఆ మాట వినవడితే నాలుగు ప్రశ్నలడగుండ్రి. ఈ అంకె మనుషులను లెక్కపెట్టి తెచ్చిందా, ఖర్చును గుణించి తెచ్చిందా? కట్టేటప్పటి పనులెన్ని, కట్టినంక ఉండేటియి ఎన్ని? ఈ రాయితీ, ఈ భూమి ఇయ్యకుంటే ఫ్యాక్టరీ రాకపోతుండెనా? మూడేండ్లయినంక పని దొరికినోళ్ల పేర్లు ఊరి వారీగ పంచాయతీ గోడ మీద అతికిస్తరా?

జవాబు నోటితోని చెప్తే సరిపోదు, కాయితం మీద రాసియ్యమనుండ్రి.